సస్కటూన్‌ని ఏడాది పొడవునా ఒకే చోటు నుంచి ఫొటో తీయాలంటే?

కొత్తప్రైరీ:

అందరికీ నమస్కారం. కెనడాలోని సస్కటూన్‌లో నది ఒడ్డు నుంచి డౌన్‌టౌన్‌ని ఒకే ఫ్రేమ్‌లో ఈ ఆగస్టు నుంచి వచ్చే ఆగస్టు దాకా తీయాలని ప్లాన్. చివరికి నాలుగు కాలాలకి నాలుగు పెద్ద ప్రింట్లు పక్కపక్కన గోడకి పెట్టాలి. చేతిలో ఉన్నవి: ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్, 24-70, 70-200 లెన్సులు, మామూలు అల్యూమినియం ట్రైపాడ్.

అడగాల్సినవి మూడు. నది ఒడ్డున కోటలా ఉండే బెస్‌బరో హోటల్ బాగా వచ్చేలా ఎక్కడ నిలబడాలి, ఏ నెలలో ఏ టైముకి వెళ్లాలి? ప్రతిసారీ అచ్చంగా అదే ఫ్రేమ్ దొరకాలంటే ఏం గుర్తు పెట్టుకోవాలి? మైనస్ 30లో కెమెరాకి ఏమవుతుంది? హైదరాబాద్ ఎండలో తీసిన అలవాటు తప్ప చలి ఊళ్ల సంగతి ఏమీ తెలియదు, కాబట్టి చిన్న విషయమైనా వదలకుండా చెప్పండి.

మైలురోడ్డు:

చలి సంగతి ఇంకెవరైనా చెప్తారు, నేను వెలుగు సంగతి చెప్తాను. అసలు తేడా అంతా అక్కడే ఉంది. హైదరాబాద్ 17.4 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, సస్కటూన్ 52.1 మీద. డిసెంబర్ 21న పగటి మధ్యలో సూర్యుడు అక్కడ 49 డిగ్రీల ఎత్తుకి వస్తాడు, ఇక్కడ 14.5 దాటడు. మనిషి నీడ మనిషికి దాదాపు నాలుగు రెట్లుంటుంది. అంటే ఆ రోజుల్లో మంచి వెలుగు కోసం తెల్లవారుజామున లేవక్కర్లేదు, పగలంతా నీరెండే. జూన్‌లో అదే సూర్యుడు 61 డిగ్రీలకి ఎక్కుతాడు, నడిమధ్యాహ్నం తీసిన ఫొటో మన ఊరి ఫొటోలాగే చప్పగా ఉంటుంది. కాకపోతే సాయంత్రం సూర్యుడు ఏటవాలుగా జారతాడు కాబట్టి పసుపు వెలుగు ఎక్కువసేపు నిలుస్తుంది. జూన్ చివర చివరి ఆరు డిగ్రీలు దిగడానికి హైదరాబాద్‌లో అరగంట కూడా పట్టదు, ఇక్కడ 50 నిమిషాలు పడుతుంది.

గడియారం గురించి ఒక హెచ్చరిక. సస్కటూన్‌లో ఏడాదిలో రెండుసార్లు టైము మార్చే పద్ధతి లేదు, ఎప్పుడూ సెంట్రల్ స్టాండర్డ్ టైమే. ఊరేమో ఆ టైముకి బాగా పడమరగా ఉంది. అందుకని సూర్యుడు అన్నిటికన్నా ఎత్తున ఉండేది 12కి కాదు, నెలని బట్టి 12.50కీ 1.20కీ మధ్య. జూన్ 21 ప్రాంతంలో పొద్దు పొడిచేది 4.45కి, గూకేది 9.30కి. డిసెంబర్ 21 ప్రాంతంలో పొడిచేది 9.15కి, గూకేది 4.55కి. సెప్టెంబర్ 22కి సుమారు 6.55, 7.05.

ఇక దిక్కులు. వాస్తు వినివిని పెరిగినవాళ్లకి ఇది తేలిక. సౌత్ సస్కాచెవాన్ నది ఊరి మధ్యలోంచి నైరుతి నుంచి ఈశాన్యానికి పారుతుంది. డౌన్‌టౌన్ దానికి వాయవ్యపు ఒడ్డున ఉంది. అంటే నది వైపున్న బెస్‌బరో ముఖం ఆగ్నేయముఖం. ఉత్తరం సున్నా, తూర్పు 90 అని లెక్కిస్తే పొద్దు పొడిచే చోటు జూన్‌లో 50 డిగ్రీలు, అంటే ఈశాన్యం. డిసెంబర్‌లో 130 డిగ్రీలు, అంటే దాదాపు ఆగ్నేయం. గూకే చోటు జూన్‌లో 310, డిసెంబర్‌లో 230. దీన్నిబట్టి తేలేదేమిటంటే, హోటల్ ముఖం మీద ఎదురుగా ఎర్రటి ఎండ పడేది డిసెంబర్, జనవరి ఉదయాల్లోనే. జూన్ ఉదయం వెలుగు పక్కనుంచి గోడని గీసుకుంటూ పోతుంది. జూన్ సాయంత్రమైతే సూర్యుడు హోటల్ వెనక్కే దిగుతాడు, కోట లాంటి ఆ కప్పు నల్లటి బొమ్మలా మిగులుతుంది. రెండూ బాగుంటాయి, కానీ ఒకటి దొరుకుతుందని వెళ్లి రెండోది చూసి నిరాశపడే వాళ్లే ఎక్కువ.

నిలబడే చోటు: తూర్పు ఒడ్డున సస్కాచెవాన్ క్రెసెంట్ కిందుగా మీవాసిన్ బాట ఉంది. బ్రాడ్‌వే బ్రిడ్జికీ యూనివర్సిటీ బ్రిడ్జికీ మధ్య ఆ బాట మీద హోటల్‌కి ఎదురుగా నిలబడండి. 1932 నాటి బ్రాడ్‌వే బ్రిడ్జి ఆర్చీలు కూడా ఫ్రేమ్‌లో కావాలంటే బ్రిడ్జికి ఎగువకి వెళ్లి ఉత్తరం వైపు చూడాలి. బ్రిడ్జి ఎక్కి తీస్తే దృశ్యం అందంగానే ఉంటుంది, కానీ బస్సు వెళ్లినప్పుడల్లా కాళ్ల కింద ఊగుతుంది. రెండు మూడు సెకన్ల ఎక్స్‌పోజర్ ఉంటే కిటికీ దీపాలన్నీ రెండేసి అవుతాయి. తప్పదనుకుంటే రెండు స్తంభాల నడుమ కాకుండా స్తంభానికి సరిగ్గా పైన నిలబడి, బండ్లు లేని సందు చూసి తీయండి. ఏడాది ప్రాజెక్టుకి నేలే మేలు.

అదే ఫ్రేమ్ మళ్లీ దొరకడానికి:

మొదటిది, జూమ్ లెన్స్‌ని ఈ చివరికో ఆ చివరికో తిప్పి వదిలేయండి. 24 లేదా 70. మధ్యలో 43, 48 అని ఆపితే వచ్చే నెల అది దొరకదు. 300 మీటర్ల దూరంలో 70కి సుమారు 150 మీటర్ల వెడల్పు పడుతుంది, 24కి 450 మీటర్లు. హోటల్ మీద దృష్టి ఉంటే 70, ఆకాశం కావాలంటే 24.

రెండోది, ఫోన్ జీపీఎస్‌ని నమ్మొద్దు. అది 3 నుంచి 5 మీటర్లు తప్పుతుంది. మీకు కావాల్సింది సెంటీమీటర్ల లెక్క. 70 లెన్స్‌తో 3 మీటర్ల ముందు ఒక రెయిలింగ్ ఉందనుకోండి, కెమెరా 10 సెంటీమీటర్లు పక్కకి జరిగితే ఆ రెయిలింగ్ ఫ్రేమ్‌లో పదిహేనో వంతు జరిగిపోతుంది. అందుకని ఒకదాని వెనక ఒకటి వచ్చే జతలు రెండు పట్టుకోండి. దగ్గరి దీపస్తంభం అంచు దూరపు భవనం మూలకి తగిలేది ఒక జత, ఎడమ వైపు అలాంటిదే ఇంకోటి. రెండు జతలూ కలిస్తే మీరు పాత చోటే ఉన్నట్టు. చెట్టు కొమ్మని జతలో పెట్టుకోకండి. పెరుగుతుంది, విరుగుతుంది, సెప్టెంబర్ తర్వాత ఆకులుండవు.

మూడోది, ఎత్తు. ట్రైపాడ్ ఎత్తుని నేల నుంచి కొలిచి రాసుకుంటే జనవరిలో మోసపోతారు. బాట పక్కన తొక్కుడుపడిన మంచు 30, 40 సెంటీమీటర్లు లేచి ఉంటుంది. రెయిలింగ్ పై కమ్మీ నుంచి లెన్స్ మధ్యకి ఎంతో టేపుతో కొలిచి రాసుకోండి.

మొదటి ఫొటోని పోస్ట్‌కార్డ్ సైజులో ప్రింట్ తీసి, దాని మీద పెన్నుతో అడ్డం నిలువు గీతలు గీసి బ్యాగులో ఉంచుకోండి. కెమెరా తెరమీద కూడా గ్రిడ్ వేసుకోండి. ఏ గీత ఏ కిటికీ మీద పడుతుందో చూసి సర్దడానికి అయిదు నిమిషాలు చాలు. ఫోన్‌లో పాత ఫొటో చూసుకోవచ్చు కదా అంటారేమో, చలిలో ఫోనే ముందు ఆరిపోతుంది.

పాతస్వెట్టర్:

చలి భాగం నాది.

ముందు మాటలు విడదీసుకుందాం. మనకి అన్నీ మంచే: పైనుంచి కురిసేదీ మంచే, నది మీద గట్టిపడేదీ మంచే, పొద్దున్నే కమ్ముకునేదీ మంచే. ఇక్కడ ఫొటో తీసేవాడికి ఇవన్నీ వేరు వేరు. రాలే మంచు, గడ్డ, పొగమంచు, కొమ్మల మీద తెల్లటి నూగులా పట్టే నూగుమంచు. మీకు కావాల్సింది చివరిది. ఎందుకో కింద చెప్తాను.

చలిలో కెమెరాలు చచ్చిపోవు. చలిలోంచి ఇంట్లోకి తెచ్చినప్పుడు పాడవుతాయి. లెక్క చూడండి: ఇంట్లో 21 డిగ్రీలు, తేమ 30 శాతం ఉంటే ఆ గాలిలోని ఆవిరి సుమారు 3 డిగ్రీల దగ్గర నీరవుతుంది. మైనస్ 25లో గంట తిరిగిన లెన్స్ మీద ఆ గాలి తగలగానే చెమట పట్టినట్టు నీళ్లు. బయట అద్దం మీద పడితే తుడుచుకోవచ్చు, లోపలి అద్దాల మధ్య, మౌంట్ దగ్గరి కాంటాక్ట్‌ల మీద పడితే తుడవలేం.

కాబట్టి ఇంటి తలుపు తీయకముందే, బయటే ఇవన్నీ చేయండి. మెమరీ కార్డ్, బ్యాటరీ తీసేయండి, లేకపోతే ఫొటోలు చూడాలన్న ఆత్రంతో అరగంటకే సంచి విప్పేస్తారు. కెమెరాని పెద్ద జిప్‌లాక్ కవర్లో పెట్టి, గాలి వీలైనంత నొక్కేసి మూయండి. ఆ కవర్‌ని కెమెరా బ్యాగులో పెట్టి జిప్ వేసి గుమ్మం దగ్గర వదిలేయండి. రెండు మూడు గంటలు ముట్టుకోకండి. తేమ కవర్ మీద పడుతుంది, కెమెరా మీద కాదు. 70-200 లాంటి బరువు లెన్స్‌కి మూడు గంటలు కూడా కొన్నిసార్లు చాలవు.

బ్యాటరీలు: మైనస్ 20 దాటాక లిథియం అయాన్ బ్యాటరీ తన బలంలో సగమో అంతకన్నా తక్కువో ఇస్తుంది. ఖాళీ అయినట్టు చూపించినది చంకలో పెట్టి వెచ్చబడితే మళ్లీ కొంత పని చేస్తుంది. మూడు పెట్టుకోండి, రెండు లోపలి జేబులో, ఒళ్లు తగిలేలా. జేబులో తాళాలు, చిల్లర లేకుండా చూసుకోండి. ఇంటికొచ్చాక చల్లగా ఉండగానే ఛార్జర్‌కి తగిలించొద్దు. సున్నా కన్నా కింద ఛార్జ్ చేస్తే లోపల లిథియం లోహంగా పేరుకుని బ్యాటరీ శాశ్వతంగా దెబ్బతింటుంది.

ఊపిరి. ఇది చాలామందికి తోచదు. వెనక తెర మీదకి వంగి ఊపిరి వదిలితే క్షణంలో గడ్డ పొర. వ్యూఫైండర్ మీద కూడా అంతే. ముక్కు పక్కకి తిప్పి ఊదండి, లేకపోతే మఫ్లర్ లోపలికి. పట్టేస్తే గోరుతో గీకకండి, పాత ప్లాస్టిక్ కార్డ్ అంచుతో నెట్టండి. నోటితో ఊది తుడవాలనే అలవాటు మర్చిపోండి.

ట్రైపాడ్: అల్యూమినియం కాళ్లు ఉత్త చేత్తో పట్టుకుంటే చర్మం అంటుకుంటుంది. హార్డ్‌వేర్ షాపులో నీటి పైపులకి తొడిగే నురుగు గొట్టాలు దొరుకుతాయి, పై కాళ్లకి తొడిగి టేప్ చుట్టండి. తిప్పి బిగించే రకం తాళాలైతే మంచు లోపలికి పోయి కరిగి మళ్లీ గడ్డకడితే తిరగవు. మంచులో గుచ్చేముందు కాళ్ల కింది భాగం మొత్తం బయటికి లాగి బిగించండి, తాళం మంచు పైన ఉండాలి. బాల్ హెడ్ గ్రీజు గట్టిపడుతుంది, బలంగా తిప్పితే తీసిన ఫ్రేమ్ కాస్తా కదిలిపోతుంది. ఫ్రేమ్ కుదిరాక రెండు నిమిషాలు ఆగి మళ్లీ చూడండి.

ఎక్స్‌పోజర్: కెమెరా మీటర్‌కి తెలుపు తెలియదు, ఫ్రేమ్ నిండా మంచు ఉంటే దాన్ని బూడిదరంగు చేసి పెడుతుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ ఎండ ఉంటే ప్లస్ 1 నుంచి ప్లస్ 1.7 దాకా, మబ్బు పడితే ప్లస్ 2 దాకా. తెర మీద చూసి నిర్ణయించకండి, తెల్లటి మంచులో తెర ఎప్పుడూ చీకటిగానే కనిపిస్తుంది. హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగు పంపకాన్ని చూపే గ్రాఫ్) కుడి గోడకి తగలకుండా దాని దగ్గరికి వస్తే చాలు. నీడలు నీలంగా వస్తాయి, అది తప్పు కాదు. నీడలో పడేది ఆకాశపు వెలుగే. ఆ నీలాన్ని పూర్తిగా తీసేస్తే మంచు సున్నం కొట్టినట్టుంటుంది.

గాలి లెక్క వేరు. మైనస్ 25 ఉండి గాలితో కలిపి మైనస్ 38 అని చెప్తే కెమెరాకి మైనస్ 25 మాత్రమే, కాకపోతే త్వరగా చల్లబడుతుంది. మీ ముఖానికి మాత్రం మైనస్ 38 లెక్కే. గాలితో కలిపిన అంకె మైనస్ 28 నుంచి 39 మధ్య ఉంటే కప్పుకోని చర్మం 10 నుంచి 30 నిమిషాల్లో గడ్డకడుతుంది, మైనస్ 40 దాటితే 5 నుంచి 10 నిమిషాలే. పలచటి గ్లోవ్స్ లోపల, పైన వేళ్లు విడిగా లేని మందపాటి మిటెన్లు. పైవి తీసి మెడకి తాడుతో వేలాడదీయండి, జేబులో కుక్కితే చల్లబడతాయి.

ఇక నూగుమంచు. పొగమంచు, చలి, గాలి లేకపోవడం మూడూ కలిసిన రాత్రి తెల్లారేసరికి ప్రతి కొమ్మా తెల్లగా ఉంటుంది. వాతావరణ సూచనలో ఉష్ణోగ్రత, డ్యూ పాయింట్ (గాలిలోని ఆవిరి నీరయ్యే ఉష్ణోగ్రత) దాదాపు ఒకటే ఉండి, గాలి గంటకి 10 కిలోమీటర్లకన్నా తక్కువుంటే అలారం పెట్టుకోండి. నది దగ్గర అవకాశం ఇంకా ఎక్కువ. ఎగువన క్వీన్ ఎలిజబెత్ విద్యుత్ కేంద్రం ఉంది, దాని వెచ్చటి నీళ్లు కలవడం వల్ల డౌన్‌టౌన్ దగ్గర నది చలికాలంలోనూ కొంత మేర గడ్డకట్టదు. మైనస్ 30లో ఆ నీళ్ల మీంచి ఆవిరి లేస్తుంది, ఒడ్డు చెట్లన్నిటికీ నూగు పడుతుంది. ఎండ బాగా తగిలినా గాలి లేచినా రాలిపోతుంది. మధ్యాహ్నం భోజనం చేసి వెళ్దామనుకుంటే మోడులు తప్ప ఏమీ మిగలవు.

గడ్డ కట్టినట్టు కనిపించినా నది మీద మాత్రం నడవకండి. కింద ప్రవాహం ఉంటుంది, మందం ఒక్కో అడుగుకి ఒక్కోలా ఉంటుంది.

కొత్తప్రైరీ:

చాలా థాంక్స్ అండీ. రెండు సందేహాలు. కారులో వెళ్తాను కాబట్టి మధ్యలో హీటర్ దగ్గర కూర్చుని మళ్లీ దిగొచ్చా? ఇంకా, 70-200తో దూరపు కిటికీలు తీస్తే ఫోకస్ సరిగ్గా ఉన్నా మసకగా వస్తాయని విన్నాను, నిజమేనా?

పాతస్వెట్టర్:

మీరు కూర్చోండి, కెమెరా కూర్చోకూడదు. దాన్ని డిక్కీలోనే ఉంచండి. వెచ్చబడి చల్లబడి, మళ్లీ వెచ్చబడి చల్లబడితే ఆ నీటి గొడవ ప్రతిసారీ పడాలి. ఇంటి నుంచి బయల్దేరేటప్పుడే డిక్కీలో పెడితే నది దగ్గరికి చేరేసరికి సగం చల్లబడుతుంది కూడా.

రెండోది నిజమే, అది ఫోకస్ తప్పు కాదు. వెచ్చటి లెన్స్ ముందు, హుడ్ గొట్టంలో వెచ్చటి గాలి సుడి తిరుగుతుంది, ఎండాకాలం తారు రోడ్డు మీద కనిపించే అలల్లాగే. హుడ్ తీసేసి 20, 30 నిమిషాలు లెన్స్‌ని చల్లబడనివ్వండి. కారు కిటికీ దించి లోపల్నుంచి తీయడం అన్నిటికన్నా అధ్వానం. ఆవిరి లేచే నీళ్ల మీదుగా తీస్తే మాత్రం ఏం చేసినా అలలు పోవు, ఆ రోజుకి 24 వైపు వెళ్లండి, చిన్న అలలు పెద్ద ఫ్రేమ్‌లో కనిపించవు.

పిట్టలదారి:

పై ఇద్దరూ చలికాలాన్నే పట్టుకున్నారు, మిగతా కాలాలకీ కొంచెం చోటివ్వండి.

ఏప్రిల్ ఇక్కడ అన్నిటికన్నా వికారమైన నెల. మంచు కరిగి, చలికాలమంతా రోడ్ల మీద చల్లిన ఇసుక తేలి, గడ్డి గోధుమరంగులో పడి ఉంటుంది. ఆ ఇసుక దుమ్ము సెన్సర్ మీద పడుతుంది, వీధులు ఊడ్చేదాకా బయట లెన్స్ మార్చకండి. కానీ అదే నెల మధ్యలో పెలికాన్‌లు వస్తాయి. ఊళ్లో సీపీఆర్ (కెనడియన్ పసిఫిక్ రైల్వే) రైలు బ్రిడ్జి పక్కన నది మీద చిన్న ఆనకట్ట ఉంది, దాని కింద నురగలో చేపలు పట్టుకుంటూ సెప్టెంబర్ దాకా ఉంటాయి. పడమటి ఒడ్డున, స్పడీనా క్రెసెంట్ వైపు నిలబడితే పొద్దున సూర్యుడు మీ కళ్లలో పడతాడు, కాబట్టి అక్కడికి సాయంత్రం వెళ్లండి. 1/1600 లేదా 1/2000 షట్టర్. తెల్లటి పక్షి, నల్లటి నీళ్లు: ఇక్కడ పాతస్వెట్టర్ గారు చెప్పినదానికి తలకిందులు, మైనస్ 0.7 వేయకపోతే రెక్కల్లో ఈకలు కనిపించవు. వాటి రెక్కలు విప్పితే కొసలు నల్లగా ఉంటాయి, ఆ నలుపూ తెలుపూ రెండూ నిలిచిన ఎక్స్‌పోజరే సరైనది.

ఏప్రిల్ చివర్లోనే ఊరికి దక్షిణాన క్రాన్‌బెర్రీ ఫ్లాట్స్ దగ్గర ఇసుక గడ్డి నేలలో ప్రైరీ (ఇక్కడి చదును గడ్డి మైదానం) క్రోకస్ పూస్తుంది. లేత ఊదా రంగు, కాడనిండా వెండి నూగు. అరచేతి ఎత్తు కూడా ఉండదు, మోకాళ్ల మీద కాదు పొట్ట మీద పడుకోవాలి. సాయంత్రం ఎండకి ఎదురుగా పెట్టి తీస్తే నూగు మెరుస్తుంది. పక్కన ఇంకో పువ్వు ఉందో లేదో చూసి మోచెయ్యి ఆనించండి.

వేసవిలో దోమలు. వాటి మందులో డీట్ ఉంటే అది ప్లాస్టిక్‌నీ కెమెరా గ్రిప్ రబ్బరునీ కరిగిస్తుంది, అరచేతులకి రాసుకుని కెమెరా పట్టుకుంటే నెల తిరిగేసరికి జిగురు. ఐకారిడిన్ ఉన్న మందు కొనండి, దానికి ఈ బాధ లేదు.

జులై మొదటి రెండు మూడు వారాల్లో ఊరి బయట కనోలా (ఆవాల జాతి నూనెపంట) పూస్తుంది, చూపు ఆనినంత మేర పసుపు. పొలంలోకి దిగకండి. పంట పాడవుతుందనే కాదు, క్లబ్‌రూట్ అనే వేరు తెగులు మట్టి ద్వారా పాకుతుంది, మీ బూట్ల మట్టి పక్క పొలానికి చేరితే ఆ రైతుకి ఏళ్ల తరబడి తలనొప్పి. రోడ్డు గట్టు మీదే నిలబడి, ట్రైపాడ్ పూర్తిగా పైకి లాగి తీస్తే సరిపోతుంది. పసుపు ఎక్కువైతే ఎర్ర, ఆకుపచ్చ ఛానెళ్లు ముందే నిండిపోతాయి, మామూలు హిస్టోగ్రామ్ బాగానే ఉందని చెప్తున్నా రంగుల హిస్టోగ్రామ్ విడిగా చూడండి.

సెప్టెంబర్ మూడో వారానికల్లా ఒడ్డున పసుపు మొదలవుతుంది. ఇక్కడ ఎరుపు తక్కువ. పాప్లర్, యాష్, ఎల్మ్ అన్నీ పసుపే. ఆకుల మీది మెరుపు తీయడానికి పోలరైజర్ మంచిదే, కానీ 24 మీద వేస్తే ప్రైరీ ఆకాశంలో ఒక పక్క నల్లటి మచ్చ వస్తుంది. ఆకాశం సగం ఫ్రేమ్ ఉన్నప్పుడు దాన్ని తీసేయండి. ఇంకో సంగతి, ఒక్క పెద్ద గాలి రాత్రి చాలు, మర్నాటికి చెట్లు ఖాళీ. వారాంతం దాకా ఆగుదామనుకోకండి.

రాత్రిబడి:

ఆకాశం గురించి ఎవరూ చెప్పలేదు, ప్రైరీ ఊళ్లో సగం ఫొటో అదే కదా.

మే 20 నుంచి జులై 23 దాకా ఇక్కడ పూర్తి చీకటి పడదు. సూర్యుడు అర్ధరాత్రి కూడా 18 డిగ్రీల కిందికి దిగడు, ఉత్తరాన లేత వెలుగు అలాగే ఉంటుంది. పాలపుంత తీయాలనుకునేవాళ్లకి ఇది నష్టం. లాభం ఏమిటంటే జూన్, జులైలో ఉత్తర దిక్కున కొన్ని రాత్రులు వెండి దారాల్లా మెరిసే మేఘాలు కనిపిస్తాయి. 80 కిలోమీటర్లకి పైన ఉంటాయి కాబట్టి మనకి రాత్రయినా వాటికి ఎండ తగులుతూ ఉంటుంది. ఐఎస్ఓ 400, ఎఫ్/4, 3 నుంచి 6 సెకన్లు. మామూలు మబ్బు ఆ టైములో నల్లగా ఉంటుంది, ఇవి మాత్రం తెల్లగా, నీలంగా వెలుగుతాయి. తేడా కనిపెట్టడం తేలిక.

ధ్రువకాంతికి (అరోరా) మార్చి, సెప్టెంబర్, అక్టోబర్ మేలు. కేపీ సూచీ (భూమి అయస్కాంత క్షేత్రంలో అలజడిని 0 నుంచి 9 దాకా చూపే అంకె) 4 ఉంటే ఊరి బయట ఉత్తరాన కనిపించే అవకాశం బాగా ఉంటుంది. ఎఫ్/2.8, ఐఎస్ఓ 1600 నుంచి 3200, వేగంగా కదులుతుంటే 3 సెకన్లు, నెమ్మదిగా కదులుతుంటే 10. ఫోకస్‌ని ఇన్ఫినిటీ గుర్తు మీద పెట్టి వదిలేయకండి, చలిలో ఆ గుర్తు కొంచెం తప్పుతుంది. ఒక ప్రకాశమైన నక్షత్రాన్ని తెర మీద పెద్దది చేసి మాన్యువల్‌గా సరిచేసి రింగ్‌కి టేప్ వేయండి.

మైనస్ 20 కన్నా కింద, గాలి ఆగిన రాత్రి ఊరి దీపాల మీద నిలువు వెలుగు స్తంభాలు లేస్తాయి. గాలిలో తేలే పలచటి మంచు రేకులు అద్దాల్లా దీపాన్ని కిందికి చూపిస్తాయి, అంతే. 50 లెన్స్, 2 నుంచి 6 సెకన్లు. పగలు అదే రేకుల వల్ల సూర్యుడికి రెండు పక్కలా 22 డిగ్రీల దూరంలో రంగు మచ్చలు. రెండూ ఫ్రేమ్‌లో పట్టాలంటే కనీసం 44 డిగ్రీల వెడల్పు కావాలి, 35 లెన్స్‌కి సరిపోతుంది కానీ చుట్టూ ఉన్న గుండ్రం కూడా కావాలంటే 24. సూర్యుణ్ణి దీపస్తంభం వెనక దాచండి.

వేసవి ఉరుములు ఎక్కువగా పడమర వైపు నుంచి వస్తాయి. వచ్చేదాకా పడమరకి తిరిగి మెరుపులు, దాటిపోయాక తూర్పుకి తిరిగి మబ్బుల అడుగు. ఇంద్రధనుస్సు కోసం జూన్ మధ్యాహ్నం వెతకకండి, సూర్యుడు 42 డిగ్రీలకన్నా ఎత్తుంటే నేల మీద నిలబడ్డవాళ్లకి అది కనిపించదు. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్ల కన్నా తక్కువుంటే ట్రైపాడ్ వదిలేసి కారులో కూర్చోండి. చదును నేల మీద అందరికన్నా పొడుగు మీరే.

అడవి మంటల పొగ పట్టిన రోజుల్లో సూర్యుడు హోరిజోన్‌కి చేరకముందే మాయమవుతాడు. 9.30కి అస్తమయం అని ఉన్నా 9 లోపే తీసేసుకోవాలి.

కొత్తప్రైరీ:

ఇంత సమాచారం వస్తుందనుకోలేదు. చివరిగా: నాలుగు ప్రింట్లకి జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ 15వ తేదీలు అనుకుంటున్నాను, మధ్యాహ్నం 12కి. సరేనా?

మైలురోడ్డు:

సరికాదు. మీ నాలుగులో రెండు ఒకేలా వస్తాయి. ఏప్రిల్ 15కీ అక్టోబర్ 15కీ చెట్లు మోడులే, గడ్డి గోధుమరంగే. ఇక్కడి ఏడాది నాలుగు సమాన ముక్కలు కాదు. తెలుపు నవంబర్ నుంచి మార్చి దాకా సాగుతుంది, పచ్చదనం మే చివరి నుంచి సెప్టెంబర్ మొదటి దాకా, పసుపుకి రెండు వారాలే, మిగతాదంతా గోధుమరంగు. తేదీ చూసి కాదు, సంఘటన చూసి వెళ్లాలి. నూగుమంచు పట్టిన ఒక జనవరి ఉదయం. నది మీద గడ్డ విరిగి పలకలు తేలే మార్చి చివరో ఏప్రిల్ మొదలో, మధ్యలో నల్లటి నీళ్లు కనిపించే రోజు. జూన్ మధ్య, ఆకులింకా లేతగా ఉన్నప్పుడు. సెప్టెంబర్ 20 నుంచి నెలాఖరు దాకా మూడు నాలుగుసార్లు వెళ్లి అందులో ఒకటి.

12 గంటలు కూడా వద్దు. ఆగ్నేయ ముఖానికి ఎదురు వెలుగు డిసెంబర్‌లో 9.15కి పొద్దు పొడిచినప్పుడే వస్తుంది. సెప్టెంబర్ 22కి సూర్యుడు అదే దిక్కుకి వచ్చేసరికి 10 దాటుతుంది, ఎత్తు 26 డిగ్రీలు. జూన్‌లో 11.10 అవుతుంది, ఎత్తు 53. ఒకే దిక్కు వెలుగు, మూడు రకాల కఠినత్వం. ప్రింట్లు పక్కపక్కన పెట్టినప్పుడు జూన్ ఫొటో మిగతావాటితో కలవదు.

నా మాట వింటే నాలుగూ సాయంత్రం నీలి వెలుగులో తీయండి, సూర్యుడు 5 డిగ్రీలు కిందున్నప్పుడు. హోటల్ దీపాలు, ఆకాశం సమానంగా ఉండేది అప్పుడే. డిసెంబర్‌లో 5.30 ప్రాంతం, సెప్టెంబర్ 22 ప్రాంతంలో 7.30, జూన్‌లో 10.10. జనవరి, మార్చి మధ్యలో ఎక్కడ పడుతుందో ఆ రోజు అస్తమయానికి అరగంట కలుపుకుంటే వస్తుంది. నూగుమంచు సాయంత్రం దాకా నిలవకపోతే దాన్ని అయిదో ప్రింట్‌గా ఉదయం వెలుగులో విడిగా ఉంచండి, నాలుగింటిలో ఇరికించొద్దు.

నాలుగింటికీ ఐఎస్ఓ 100, ఎఫ్/8, రా (RAW) ఫైల్. షట్టర్ ఒక్కటే మార్చండి, నీలి వెలుగులో 2 నుంచి 8 సెకన్లు ఉంటుంది. టైమర్ 2 సెకన్లు పెట్టండి. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు స్టెబిలైజేషన్ ఆపేయండి. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వద్దు. ఆటో పెడితే ప్రతి కాలాన్నీ మామూలు చేసేసి మంచు నీలాన్నీ ఆకు పసుపునీ తినేస్తుంది. నాలుగింటినీ 4500 కెల్విన్ దగ్గర తెరిచి చూడండి, నచ్చకపోతే నాలుగింటినీ కలిపి ఒకేసారి జరపండి, విడివిడిగా కాదు. చివర్లో ఫొటోషాప్‌లో నాలుగు లేయర్లు పెట్టి ఆటో అలైన్ వేయండి. అంచులు కొంత తెగుతాయి, కాబట్టి మొదటి రోజే చుట్టూ పదో వంతు ఎక్కువ జాగా వదిలి ఫ్రేమ్ పెట్టుకోండి. అలైన్ పని చేయకపోతే కారణం దాదాపు ఎప్పుడూ ముందున్న రెయిలింగే. దాన్ని మాస్క్ చేసి భవనాల మీద మాత్రమే కలపమనండి.

అన్నట్టు ఇది ఆగస్టు కదా. జతలు వెతకడం, రెయిలింగ్ కొలవడం, ప్రింట్ మీద గీతలు గీయడం ఈ వారమే పూర్తి చేయండి. మిటెన్లు వేసుకుని టేపు పట్టుకోవడం కుదరదు.